ఆరు మ్యాచ్‌లు ఓడిన టీమ్, కొత్త కోచ్, చేతిలో నాలుగు సాయంత్రాలు: మొదటి మ్యాచ్‌కి ఏం చేయాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: నల్లగొండలో ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్. ఈ సీజన్‌లో వరుసగా ఆరు మ్యాచ్‌లు ఓడింది. కోచ్ మానేశాడు. మొన్నటిదాకా అదే టీమ్‌లో హాఫ్‌గా, అంటే గ్రౌండ్ మధ్యలో, ఆడి, మోకాలి దెబ్బతో ఆట ఆపేసిన ఇరవై ఏడేళ్ల అబ్బాయికి బాధ్యత అప్పజెప్పారు. మొదటి మ్యాచ్ వచ్చే ఆదివారం మహబూబ్‌నగర్‌లో. ఈలోపు నాలుగు ప్రాక్టీసులే. ఫార్మేషన్ (ఎవరు ఎక్కడ నిలబడి ఆడాలన్న అమరిక) మార్చాలా, సీనియర్లను కూర్చోబెట్టాలా, మొదటి మ్యాచే ఓడిపోతే కమిటీ ముందు పరువు ఏంగాను అని అడిగాడు.

తమ్ముడూ, నీ మూడో ప్రశ్నతో మొదలుపెడతాను. మిగతా రెండూ ఆ భయంలోంచి పుట్టినవే. మొదటి మ్యాచ్ గెలిచినా, ఓడినా దాన్నిబట్టి నువ్వు ఎలాంటి కోచ్‌వో ఎవరికీ తెలియదు. నీకూ తెలియదు. ఓదార్పుకు చెప్తున్నాననుకోకు, లెక్కలు చూడు.

అలెక్స్ ఫెర్గూసన్ 1986 నవంబర్‌లో ఇంగ్లండ్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్‌కి కోచ్‌గా వచ్చేసరికి ఆ టీమ్ 22 టీమ్‌ల లీగ్‌లో కింది నుంచి రెండోది. ఆయన మొదటి మ్యాచ్ ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్‌తో. 2-0తో ఓడిపోయారు. ఆ సీజన్ 11వ స్థానంలో ముగిసింది. మనిషి మాత్రం అక్కడ 2013 దాకా ఉన్నాడు. ఇప్పుడు రెండోవైపు చూడు. 2018 నవంబర్‌లో ప్రీమియర్ లీగ్ అట్టడుగున ఉన్న ఫుల్‌హామ్‌కి క్లాడియో రానియేరీ వచ్చాడు. రెండేళ్ల కింద లెస్టర్‌ను ఛాంపియన్ చేసిన కోచ్. మొదటి మ్యాచ్‌లో సౌతాంప్టన్ మీద 3-2తో గెలిచారు, అందరూ ఇక బయటపడ్డట్టే అనుకున్నారు. ఫిబ్రవరి అయిపోయేసరికి ఆయన్ను తీసేశారు, ఆ సీజన్‌లోనే ఫుల్‌హామ్ కింది డివిజన్‌కి పడిపోయింది.

మన హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతే తీసుకో. 2019-20లో, తన మొదటి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) సీజన్‌లో, 18 మ్యాచ్‌ల్లో 10 పాయింట్లతో ఆఖరి స్థానం. తర్వాతి సీజన్‌కి కోచ్‌గా మనోలో మార్కెజ్ వచ్చాడు. ఆయన మొదటి మ్యాచ్ ఒడిశా మీద 1-0, ఆ ఒక్క గోల్ కూడా పెనాల్టీయే. ఆ ఏడాది ఐదో స్థానంలో ఆగి ప్లేఆఫ్‌కి పోలేకపోయారు. 2022 మార్చిలో అదే కోచ్ కింద ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను షూటవుట్‌లో ఓడించి కప్పు కొట్టారు. ఆ 1-0 మ్యాచ్ చూసి ఈ కప్పు వస్తుందని ఎవరైనా చెప్పగలిగేవాళ్లా?

కొత్త కోచ్ రాగానే టీమ్ గెలుస్తుందన్న నమ్మకం ఎక్కడిది మరి? వరుసగా ఓడినప్పుడే కదా కోచ్‌ని మార్చేది. ఆరు మ్యాచ్‌లు ఓడిన టీమ్‌కి వాటిలో కొన్నిట్లో అదృష్టం కూడా ఎదురు తిరిగి ఉంటుంది. పోస్ట్‌కి తగిలిన బంతి బయటికి పోయి ఉంటుంది, మంచి స్టాపర్‌కి (గోల్ ముందు కాపు కాసే డిఫెండర్‌కి) జ్వరం వచ్చి ఉంటుంది. ఆ దురదృష్టం ఏడో మ్యాచ్‌లో కొంచెం తగ్గుతుంది. కోచ్‌ని మార్చినా తగ్గుతుంది, మార్చకపోయినా తగ్గుతుంది. నెదర్లాండ్స్ టాప్ లీగ్‌లో 1986 నుంచి 2004 దాకా జరిగిన మార్పుల మీద ఒక ఆర్థికవేత్త పని చేశాడు. కోచ్‌ని తీసేసిన టీమ్‌లు తర్వాత మెరుగయ్యాయి, నిజమే. అంతే ఘోరంగా ఓడుతూ కూడా కోచ్‌ని ఉంచుకున్న టీమ్‌లూ దాదాపు అంతే మెరుగయ్యాయి. కాబట్టి ఆదివారం గెలిస్తే ఛాతీ విరుచుకోకు, ఓడితే ఇంట్లో తలుపేసుకోకు.

కమిటీకి ఈ మాట మ్యాచ్ తర్వాత చెప్తే సాకులా వినిపిస్తుంది. ఇప్పుడే చెప్పు. "అన్నా, ఐదు మ్యాచ్‌లయ్యాక కూర్చుని మాట్లాడుకుందాం, అప్పటిదాకా టీమ్ ఎంపికలో వేలు పెట్టొద్దు" అని మర్యాదగా అడుగు. చిన్న క్లబ్బుల్లో జెర్సీల డబ్బు ఇచ్చినాయన మేనల్లుడు ఫార్వర్డ్ ఆడాలన్న లొల్లి ఉండనే ఉంటుంది. మొదటి మ్యాచ్‌కి ముందు ఆ గేటు మూయకపోతే తర్వాత మూయడం కష్టం.

ఇక పని. మొదటి మ్యాచ్‌కి నువ్వు కొత్త ఆట నేర్పలేవు. నాలుగు సాయంత్రాల్లో ఎవరూ నేర్పలేరు. ఉన్న ఆటలో గోల్స్ ఎక్కడినుంచి పడుతున్నాయో కనుక్కుని, అందులో ఒకటి రెండు దారులు మూయగలవు. ఈ వారం నీ కోచింగ్ అంతా అదే. పైకప్పు కారుతుంటే ముందు గోడలకి రంగులేయించినట్టు, చాలామంది కొత్త కోచ్‌లు వచ్చీరాగానే అటాక్ గురించి బోర్డు మీద బాణాలు గీస్తారు.

మొదటి పని, ఆరు మ్యాచ్‌ల్లో పడ్డ ప్రతి గోల్ ఒక కాగితం మీద రాయి. ఫోన్ వీడియోలు ఉంటాయి, లేకపోతే గోలీని కూర్చోబెట్టుకుని అడుగు. గోలీకి తిన్న ప్రతి గోల్ గుర్తుంటుంది, వాడు చెప్పడు గానీ మర్చిపోడు. గోల్ ఎవరు కొట్టారన్నది వద్దు. గోల్‌కి దారితీసిన కదలిక ఎక్కడ మొదలైందో రాయి. కార్నరా, త్రోనా, ఫ్రీ కిక్కా, మన బాక్స్ (గోల్ ముందు గీసిన పెద్ద గడి) ముందు మనమే పోగొట్టుకున్నామా, గోల్ కిక్ సరిగా తగలక వాళ్ల కాళ్ల దగ్గర పడిందా. జిల్లా స్థాయిలో ఏళ్ల తరబడి నేను చూసిందేంటంటే, ఎదుటివాడు అద్భుతంగా ఆడి కొట్టిన గోల్స్ తక్కువ. ఆగి ఉన్న బంతి మీద, మన గోల్ దగ్గర మనం చేజేతులా ఇచ్చిన బంతి మీద పడేవే ఎక్కువ. నీ కాగితం వేరేది చెప్తే దాన్నే నమ్ము, నన్ను కాదు.

కార్నర్ల సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మన గ్రౌండ్లలో ఇది వేరే ఆట. మనవి చాలామటుకు గట్టి మొరం నేల, గడ్డి అక్కడక్కడా. బంతి నేలను తాకితే తల మీదుగా లేస్తుంది. టీవీలో చూసే పచ్చిక మీద బంతి అలా లేవదు. అందుకే మన దగ్గర బాక్స్‌లో ఒక్కసారి బంపైన కార్నర్ సగం గోల్ కింద లెక్క. స్టాపర్ దూకితే పైనుంచి పోతుంది, గోలీ ముందుకొస్తే వాడి తల మీదుగా పోతుంది, వెనక నిలబడ్డవాడు ఉత్తినే తోసేస్తాడు. కాబట్టి మొదటి సూత్రం: బాక్స్‌లో బంతి నేలను తాకనివ్వకూడదు. కాలితోనో, తలతోనో, మోకాలితోనో, అందంగా లేకపోయినా పర్లేదు, తాకే ముందే కొట్టాలి.

మనుషుల్ని ఇలా నిలబెట్టు. దగ్గరి పోస్ట్ దగ్గర ఒకడు, పోస్ట్‌ను ఆనుకుని కాదు, ఒక అడుగు ముందుకు. ఆరు గజాల గీత మీద నీ టీమ్‌లో తలతో బాగా కొట్టే ఇద్దరు. వీళ్లు ఎవరినీ పట్టుకోరు, వాళ్ల మీదికొచ్చిన బంతిని కొట్టడమే పని. మిగతావాళ్లలో ఐదుగురు మనిషికి మనిషి. ఇక్కడే వస్తుంది అసలు గొడవ. గోల్ పడ్డాక "నీ మనిషి", "కాదు నీ మనిషి" అని అరుచుకోవడం నువ్వూ ఆడినన్నాళ్లూ విన్నావు కదా. దానికి మందు చాలా సులువు. కార్నర్ రాగానే పట్టుకున్న మనిషి జెర్సీ నంబర్ గట్టిగా అరవాలి. "తొమ్మిది నాది", "నాలుగు నాది". అరవనివాడు ఎవరినీ పట్టుకోలేదన్నమాట. గోలీకి వెంటనే తెలిసిపోతుంది, ఎవడు ఖాళీగా ఉన్నాడో చెప్తాడు. ఒకడు బాక్స్ అంచున, క్లియర్ చేశాక బయటికొచ్చి పడే బంతి కోసం. ఒకడు ముందు, హాఫ్ లైన్ వైపు. ఆరు ఓడిన టీమ్ భయంతో పదిమందిని బాక్స్‌లోకి లాగుతుంది, క్లియర్ చేసిన బంతి మళ్లీ వాళ్లకే పోతుంది, మళ్లీ వస్తుంది. ముందు ఒకడుంటే వాళ్ల ఇద్దరు బ్యాక్‌లు వాడితోనే ఉండిపోతారు. బంతి బయటికి పోగానే అందరూ ఒక్కసారిగా పరుగెత్తి బాక్స్ దాటాలి. దీనికి ఒక మాట పెట్టుకోండి, గోలీ అరుస్తాడు. "బయటికి" అన్నా చాలు.

దీన్ని మొదట నడిచి చేయించు, తర్వాత చేత్తో బంతి విసురుతూ, ఆ తర్వాత కిక్ కొడుతూ. మేకల అభినవ్ స్టేడియంలోనో, ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లోనో సాయంత్రం గ్రౌండ్ మొత్తం మనకే దొరకదు. వాకింగ్ వాళ్లు, క్రికెట్ పిల్లలు ఉంటారు. కార్నర్ ప్రాక్టీసుకు ఒక గోల్, పావు గ్రౌండ్ చాలు. ఇరవై నిమిషాలు దీనికే కేటాయించు. రెండు రోజులు చేయించు. పిల్లలకు బోర్ కొడుతుంది, కొట్టనీ.

త్రోలు. మన సగంలో, మన కార్నర్ జెండా దగ్గర త్రో మనకే దొరికినప్పుడు కుర్రవాళ్లు చేసే పని ఒకటే: ఎవడో ఖాళీగా కనిపించాడని గ్రౌండ్ మధ్యలోకి విసురుతారు. వాడు తిరిగేలోపు ఎదుటివాడు లాక్కుంటాడు, ముందు గోల్ తప్ప ఏమీ ఉండదు. ఆదివారం ఒక్కటే రూలు పెట్టు: మన గోల్ వైపు మూడో వంతు గ్రౌండ్‌లో త్రో గీత వెంబడే, ముందుకే. పోతే మళ్లీ వాళ్ల త్రో, నష్టం లేదు. ఇంకోటి, త్రో నుంచి నేరుగా వచ్చిన బంతికి ఆఫ్‌సైడ్ (ఎదుటి బ్యాక్‌ల వెనక ముందే నిలబడి పాస్ అందుకోవడం) తప్పు లేదు. గోల్ కిక్కుకీ, కార్నర్‌కీ లేదు. ఇది అందరికీ తెలుసనుకుంటాం. మీ బ్యాక్‌లను విడివిడిగా అడిగి చూడు. కనీసం ఒకడు ఎదుటి త్రో పడుతున్నప్పుడు లైన్ పట్టుకుని చెయ్యెత్తి నిలబడతాడు, వాడి వెనకాల ఫార్వర్డ్ దర్జాగా వెళ్లిపోతాడు.

గోల్ కిక్. 2019లో రూల్ మారింది, బంతి బాక్స్ దాటక్కర్లేదు, కొట్టగానే ఆటలోకి వచ్చేస్తుంది. అప్పటినుంచి యూట్యూబ్ చూసిన ప్రతి గోలీ పక్కనున్న స్టాపర్‌కి చిన్న పాస్ ఇస్తున్నాడు. బంతి మొరం రాయికి తగిలి పక్కకు పోతుంది, అంతే. పద్ధతి తప్పని నేననను. ఆరు ఓడి కాళ్లు వణుకుతున్న టీమ్‌తో, ఆ నేల మీద, ఈ ఆదివారం మాత్రం వద్దు. దూరం కొట్టమను. ఎక్కడికి కొట్టాలో ఒక వైపు ముందే ఖాయం చెయ్యి, మీ హాఫ్‌లు ముగ్గురూ ఆ వైపు చేరి కింద పడ్డ బంతి కోసం కాచుకోవాలి. గోలీకి మరో సంగతి చెప్పు. 2025-26 నుంచి చేతుల్లో బంతి ఎనిమిది సెకన్లు దాటితే ఎదుటి టీమ్‌కి కార్నర్ ఇస్తారు. చివరి ఐదు సెకన్లు రెఫరీ చెయ్యెత్తి లెక్కపెడతాడు. ఆధిక్యంలో ఉన్నామని బంతిని గుండెలకు హత్తుకుని పడుకునే అలవాటుంటే మానిపించు.

ఫార్మేషన్ గురించి రెండు మాటలే. వాళ్లకు అలవాటైందే ఉంచు. థామస్ టూహెల్ 2021 జనవరిలో ఇంగ్లండ్ క్లబ్ చెల్సీకి కోచ్‌గా వచ్చీరాగానే, ఒక్క ప్రాక్టీసు తర్వాత, వెనక ముగ్గుర్ని పెట్టి ఆడించాడు కదా అంటావు. వాళ్లు పొద్దున లేస్తే అదే పనిగా బతికేవాళ్లు. నీ లెఫ్ట్ బ్యాక్ పొద్దంతా షాపులో నిలబడి సాయంత్రం ఆరింటికి వస్తాడు. అయినా ఆ మ్యాచ్ వుల్వ్స్‌తో 0-0. గోల్ కొట్టలేదు, తినలేదు. నీకు ఆదివారం 0-0 వస్తే దాచుకోదగ్గ ఫలితమే.

ఒక్కరి స్థానం మార్చాలనిపిస్తే కారణం ఉండాలి. మన హైదరాబాద్ రహీమ్ సాబ్‌ను చూడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టు మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడింది. టోర్నీ మధ్యలో స్టాపర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఆ తలతో వెనక హెడింగ్‌లు ఆడించడం ప్రమాదం. రహీమ్ సాబ్ అతన్ని ఫార్వర్డ్‌గా దింపాడు. అతను సెమీస్‌లో కొట్టాడు, అదే కొరియాతో ఫైనల్‌లోనూ కొట్టాడు, 2-1తో బంగారు పతకం వచ్చింది. జర్నైల్ అంతకుముందు చిన్నతనంలో ఫార్వర్డ్ ఆడినవాడే, గాలిలో రాయి వేయలేదు. రహీమ్ సాబ్ లాంటి చదువు చెప్పే మాస్టారు కోచ్ అయితే ఎవడి దగ్గర ఏముందో పరీక్ష పెట్టకుండానే తెలిసి ఉంటుందనుకుంటాను. అది వేరే కథ, వదిలెయ్.

సీనియర్లు. ఇక్కడ నీ పరిస్థితి చాలా కోచ్‌లకు రాదు. నిన్నటిదాకా "అరేయ్" అని పిలిచినవాళ్లకు ఇవాళ నువ్వు టీమ్ చదవాలి. "సార్" అని పిలిపించుకోవాలని చూడకు, నవ్వుకుంటారు. పిలుపు పాతదే ఉండనీ, టీమ్ కాగితం మాత్రం నీదే. మొదటి ప్రాక్టీసుకు ముందు ఇద్దరితో విడిగా కూర్చో. ఒకరు కెప్టెన్. రెండోది టీమ్‌లో అందరూ వినే మనిషి. వాళ్లిద్దరూ ఒక్కరే కానక్కర్లేదు. గడియారం సెంటర్‌లో చాయ్ తాగుతూ మాట్లాడినా సరిపోతుంది. "ఏం చేద్దాం" అని అడగకు, పది సలహాలు వస్తాయి, ఒక్కటి పాటించకపోయినా అలుగుతారు. "ఈ ఆరు మ్యాచ్‌ల్లో నీకు ఎప్పుడు కోపం వచ్చింది" అని అడుగు. నిజం బయటికొస్తుంది. "గోల్ పడగానే వాడు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడతడన్నా, నాకు ఒళ్లు మండుతది" అంటాడు. నీకు కావాల్సింది ఆ మాటే.

మొదటి మ్యాచ్‌కి సీనియర్లను కూర్చోబెట్టి కుర్రాళ్లతో సంచలనం చేద్దామన్న ఆలోచన ఉంటే ఆపు. కుర్రాళ్ల మీద ఆ బరువు అన్యాయం. ఓడితే వాళ్లమీదికే పోతుంది. టూహెల్ ఆ మొదటి మ్యాచ్‌లో అనుభవం ఉన్నవాళ్లనే దింపాడు, అంతకుముందు దాకా టీమ్‌కి ప్రాణంలా ఆడిన కుర్రాడు మేసన్ మౌంట్‌ను బెంచ్ మీద పెట్టాడు. పేపర్లు గోల చేశాయి. అదే మౌంట్ మే 29న ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో మాంచెస్టర్ సిటీ మీద గెలుపు గోల్‌కి పాస్ ఇచ్చాడు. బెంచ్ మీద కూర్చోబెట్టే కుర్రాడికి ముందురోజే, నువ్వే, ముఖం చూసి చెప్పు. వాట్సాప్ గ్రూప్‌లో పదకొండు పేర్లు పెట్టి ఊరుకోకు.

ఒక్క సీనియర్‌ను మాత్రం తీసెయ్యి, ప్రాక్టీసుకు రాకుండా ఆదివారం బూట్లతో దిగేవాడు ఉంటే. ఎంత బాగా ఆడినా సరే. వాడు కార్నర్‌లో ఎక్కడ నిలబడాలో తెలియకుండా దిగుతాడు, నీ నాలుగు సాయంత్రాలూ వాడి దగ్గర చిల్లు పడతాయి. డ్యూటీ షిఫ్టులో ఉండి రాలేనివాడు వేరు. వాడికి ఫోన్ చేసి, కార్నర్ బొమ్మ గీసి పంపించి, మ్యాచ్‌కి అరగంట ముందు నడిపించి చూపించు.

పాత కోచ్‌ను తిట్టకు, తిట్టనివ్వకు. వీలైతే ఒక ఫోన్ చెయ్యి. ఎవరికి చీలమండ నొప్పి, ఎవరికి ఇంట్లో సమస్య, ఎవడు ఎవడికి పాస్ ఇవ్వడు, ఇవన్నీ ఆయనకే తెలుసు.

నాలుగు సాయంత్రాలు ఇలా పంచుకో. మొదటిరోజు శిక్షగా రౌండ్లు కొట్టించకు. ఓడిన టీమ్‌ని పరుగెత్తిస్తే ఓడినందుకు అనుకుంటారు. ఐదుగురు ఐదుగురుగా చిన్న గోల్స్ పెట్టి ఆడించు, నువ్వు ఊరికే చూడు. ఎవడు బంతి అడుగుతున్నాడు, ఎవడు దాక్కుంటున్నాడో కనిపిస్తుంది. రెండో రోజు కార్నర్లు, త్రోలు. మూడో రోజు పదకొండుమందిని నిలబెట్టి, బంతి ఎడమవైపు పోతే ఎవరెటు కదలాలి, కుడివైపు పోతే ఎటు, నిదానంగా, ఆపి ఆపి. ఆ తర్వాత మళ్లీ కార్నర్లు. నాలుగోరోజు తేలిగ్గా, మనవి ఎవరు కొడతారో తేల్చు: పెనాల్టీ ఎవరిది, ఎడమ కార్నర్ ఎవరిది, కుడి ఎవరిది. మ్యాచ్‌లో పెనాల్టీ దొరికాక ఇద్దరు బంతి పట్టుకుని గుంజుకోవడం కంటే సిగ్గుచేటు ఇంకోటి లేదు.

ఆదివారం ప్రయాణం. నల్లగొండ నుంచి కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా పాలమూరు అంటే బండిలో గంటలు. తూఫాన్ బండిలో మోకాళ్లు ముడుచుకుని వచ్చి నేరుగా గ్రౌండ్‌లో దిగితే తొడ కండరాలు పట్టేస్తాయి. తొందరగా బయల్దేరండి, మధ్యలో ఆగి పది నిమిషాలు నడవండి. దారిలో బిర్యానీ తిందామంటారు, అది తిరుగు ప్రయాణంలో. మ్యాచ్‌కి మూడు గంటల ముందే తినడం అయిపోవాలి, ఇడ్లీనో, పెరుగన్నమో, అరటిపండో. నీళ్లలో ఉప్పు, నిమ్మకాయ. ఓఆర్ఎస్ ప్యాకెట్లు నువ్వే కొని సంచిలో పెట్టుకో, ఎవరికో అప్పజెప్పితే మర్చిపోతారు.

చేరగానే బూట్లు వేసుకోకముందే గ్రౌండ్ అంతా నడిచి చూడండి. బాక్స్‌లలో గుంత ఎక్కడుంది, రాళ్లు ఎటు తేలాయి, ఏ వింగ్ మీద కాస్త గడ్డి ఉంది. గోలీ తన రెండు బాక్స్‌లలోనూ బంతిని నేలకేసి కొట్టి ఎంత లేస్తుందో చూసుకోవాలి. గోల్స్ తూర్పు పడమరగా ఉంటే ఎండ గురించి ఆలోచించు. మధ్యాహ్నం మ్యాచ్ అయితే రెండో సగంలో సూర్యుడు కిందికి దిగి సరిగ్గా కళ్లల్లోకి కొడతాడు. టాస్ గెలిస్తే మొదటి సగంలోనే ఎండకు ఎదురుగా నిలబడేలా వైపు ఎంచుకోమని కెప్టెన్‌కి చెప్పు. అప్పుడు ఎండ ఇంకా పైనే ఉంటుంది.

మొదటి పదిహేను నిమిషాలు బాగా ఆడటానికి ప్రయత్నించొద్దు. బంతి వాళ్ల బ్యాక్‌ల వెనక్కి, వింగ్‌ల వైపు, అంతే. మన మధ్యలో పోగొట్టుకోవద్దు. ఆరు ఓడిన టీమ్‌కి మొదటి పావుగంట గోల్ తినకుండా గడిస్తే ముఖాలు మారిపోతాయి, నువ్వే చూస్తావు.

గోల్ పడితే ఏం చేయాలో కూడా ముందే ఖాయం చెయ్యి. చాలా టీమ్‌లు ఈ మాటే ఎత్తవు, ఎత్తితే అపశకునమని. గోల్ పడగానే వలలోంచి బంతి ఎవరు తెస్తారు? పేరు పెట్టు. ఎవరు మాట్లాడతారు? కెప్టెన్ ఒక్కడే. ఏమంటాడు? "మళ్లీ ఐదు నిమిషాలు మొదటి ప్లాన్" అని. మిగతా ఎవడూ నోరు తెరవకూడదు, ముఖ్యంగా ఎవరి మనిషో తేల్చే పని పెట్టుకోకూడదు. సెంటర్ కిక్ వెనక్కి ఇచ్చి దూరం కొట్టెయ్యండి. గోల్ పడ్డ కోపంతో అందరూ ముందుకు ఎగబడితే రెండో గోల్ కూడా తినొచ్చు.

గీత పక్కన నిలబడి కామెంట్రీ చెప్పకు. బంతి కాళ్ల దగ్గర ఉన్నవాడికి "ఇటివ్వు, అటివ్వు" అని అరిస్తే వాడు నిన్ను చూస్తాడు, బంతి పోతుంది. బంతికి దూరంగా ఉన్నవాళ్లతో మాట్లాడు, వాళ్లు ఎక్కడుండాలో చెప్పు. సగం ఆటకి రాగానే రెండు మూడు నిమిషాలు నీళ్లు తాగి ఊపిరి తీసుకోనీ. తర్వాత రెండే మాటలు: ఒకటి ఆపాల్సింది, ఒకటి కొనసాగించాల్సింది. మూడోది చెప్తే మొదటిది మర్చిపోతారు. చివరి ఇరవై నిమిషాల్లో కాళ్లు పడిపోతాయి, వింగ్‌ల మీద ఇద్దరిని ఎప్పుడు మార్చాలో ముందే అనుకో. గోల్ కోసం చూస్తూ కూర్చుంటే మార్చాల్సిన సమయం దాటిపోతుంది.

విజిల్ అయ్యాక ఉపన్యాసం వద్దు, గెలిచినా సరే. చేతులు కలిపించు, రెఫరీకి షేక్ హ్యాండ్ ఇప్పించు, బండెక్కించు. ఆ రాత్రి గ్రూప్‌లో ఎవరైనా ఒకడిని ఎత్తిపొడుస్తూ వాయిస్ మెసేజ్ పెడితే వెంటనే ఫోన్ చేసి తీయించు. తర్వాతి ప్రాక్టీసు ముందురోజు ఆ పాత కాగితం తీసి, ఆదివారం తిన్న గోల్స్ అదే పట్టికలో కలుపు. కార్నర్ల గడిలో కొత్త గీత పడలేదంటే, 1-0తో ఓడినా నీ వారం దండగ కాలేదు. కార్నర్ మీదే మళ్లీ పడితే, 3-2తో గెలిచినా మంగళవారం మళ్లీ అదే ఇరవై నిమిషాలు.

ఇంకొక్క సంగతి నువ్వు అడగలేదు గానీ, ప్లేయర్ల ఐడీ కార్డులు, రిజిస్ట్రేషన్ కాగితాలు, రెండు రంగుల జెర్సీలు శనివారం రాత్రే ఒక సంచిలో పెట్టించు. కోచ్ మారినప్పుడు ఆ సంచి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ఆ గోల్స్ కాగితం తయారయ్యాక ఇక్కడ పెట్టు, గోలీ ఎత్తు ఎంతో, బంతి కోసం ముందుకొచ్చే రకమా, గీత మీదే ఉండే రకమా అన్నది కూడా రాయి. ఆరు గజాల గీత మీద ఆ ఇద్దరిని ఎక్కడ నిలబెట్టాలో దాన్నిబట్టి చెప్తాను.